గోంగూర మామ్మ శంఖాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రయాణం అంటే ముందు బియ్యం కొలవడమే. టికెట్లు, బట్టలు, మందులు ఆ తర్వాతి సంగతి. ఎన్ని రోజులు, ఎన్ని పూటలు, మనిషికి ఎంత అని అమ్మ వేళ్ల మీద లెక్కేసి, ఒక గుడ్డసంచిలో పోసి మూతి బిగించి కట్టేది. దాని పక్కన పచ్చడి సీసా, చారుపొడి, గిన్నె, రెండు గరిటెలు, తువ్వాల్లో చుట్టిన చిన్న కరెంటు పొయ్యి. అప్పట్లో మేం షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్లం. ఇప్పుడక్కడ ఏ మూలకి వెళ్లినా ఇడ్లీ దొరుకుతుందట. ఆ రోజుల్లో మాత్రం బయటివాళ్ల నోట తెలుగు మాట వినాలంటే పై అంతస్తులో ఉండే వరంగల్ ఆంటీ మెట్లు దిగి రావాల్సిందే.

నాకు పదేళ్లప్పుడు, ఒక ఆగస్టులో, నాన్న మమ్మల్ని కరీబియన్ సముద్రంలోని ఒక చిన్న దీవికి వారం రోజులు తీసుకెళ్లారు. ఆ దీవిని ఎంచుకున్నది దాని అందం చూసి కాదు. మాకు గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. దేశం దాటితే మళ్లీ రానిస్తారో లేదో అని నాన్నకి భయం. ఆ దీవి మీద ఎగిరేది అమెరికా జెండానే కాబట్టి అక్కడికి వెళ్లినా దేశం దాటినట్టు కాదని ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారు. పైగా ఆగస్టులో తుపాన్లకి జడిసి ఎవరూ వెళ్లరు కనక అన్నీ చవక. "వీసా గొడవ లేదు, రేటు సగం, ఎదురుగా సముద్రం. ఇంకేం కావాలి?" అన్నారు నాన్న. వరంగల్ ఆంటీ, అంకుల్ కూడా మాతో బయల్దేరారు.

మేం దిగిన రిసార్టు అప్పటికి కొత్తది. కొండవాలులో చిన్న చిన్న కాటేజీలు, కింద తెల్లటి ఇసుక. ఒకప్పుడు చెరుకు గానుగ ఆడిన పాత రాతి బురుజు ఒకటి మిగిలి ఉంటే, దానికి పైకప్పు వేసి బార్ చేశారు. గదిలో ఒక రంగుల పుస్తకం పెట్టారు. అందులో దీవి చరిత్ర అని ఒక పేజీ. కళ్లకి ఏది కనిపించినా పైకి చదవడం నాన్నకి అలవాటు. మొదట సముద్రపు దొంగలు, తర్వాత డెన్మార్క్ వాళ్లు, చక్కెర, ఆ తర్వాత వాళ్లు దీవిని అమెరికాకి అమ్మెయ్యడం, అక్కణ్ణించి ఏకంగా ఈ రిసార్టు. నడుమ ఒక్క మనిషీ అక్కడ పుట్టనట్టూ పోనట్టూ ఉంది ఆ పేజీ. ఆఖరి వాక్యం "మనిషి అడుగు పడని తీరం" అని. నాన్నకి అది ఎంత నచ్చిందో, రెండుసార్లు చదివారు. ఆ గదిలోనే మంచం మీద దుప్పట్లు మారుస్తున్న పెద్దావిడ దిండు గలేబు ఒకసారి గట్టిగా దులిపి వెళ్లిపోయింది.

గదుల్లో వంట చేయకూడదని తలుపు వెనక రాసి పెట్టారు. మా అమ్మకి ఇంగ్లీషు చదవడం వచ్చు. ఆ ముక్క ఒక్కటీ చదవడం రాలేదు. రెండో రోజు ఆవిడ చారుకి పోపు పెట్టగానే మేనేజరు వచ్చి తలుపు కొట్టాడు. నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. రిసార్టు వాళ్లు ఎక్కడన్నా ఫిర్యాదు చేస్తే గ్రీన్ కార్డు ఆగిపోతుందని ఆయన భయం. అప్పుడు ఆ దుప్పట్ల పెద్దావిడే అడ్డు వెళ్లింది. ఆ వాసన తన మధ్యాహ్నం భోజనం డబ్బాదని చెప్పి అతన్ని అటునుంచి అటే పంపేసింది. ఆ తర్వాత తాపీగా మా గిన్నెలోకి తొంగి చూసింది. అమ్మ ఒక గ్లాసులో చారు పోసి ఇస్తే తాగి, కళ్ల నీళ్లు తుడుచుకుని, ఇంకో గ్లాసు అడిగింది.

మర్నాడు రిసార్టు చాకిరేవు షెడ్డు వెనక అమ్మ పెట్టిన కేక నాకు ఇంకా గుర్తుంది. "ఏమండీ! గోంగూర!" నిజంగా గోంగూరే. ఎర్రటి కాడలు, నిలువెత్తు మొక్కలు. క్రిస్మస్‌కి వాటి కాయల చుట్టూ ఉండే ఎర్రటి రేకలు ఉడికించి పానకంలాంటిది చేసుకుంటారట. ఆకు మాత్రం మేకలకి వేస్తారట. మేకలకి అన్న మాట విని అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. దేశం వదిలి వచ్చాక అయిదేళ్లలో ఆవిడ గోంగూర ఆకు కళ్ల చూడలేదు. పెద్దావిడ నవ్వుతూ ఒక మోపెడు కోసి అమ్మ చేతుల్లో పెట్టింది. ఆ రోజు మా రెండు కుటుంబాలూ గోంగూర పచ్చడి తిన్న తీరు చూస్తే ఎవరైనా పది రోజులు పస్తున్నారనుకునేవారు. అప్పట్నించీ ఆవిడ మాకు గోంగూర మామ్మ.

ఇంత చేసిన మనిషికి మేం చేసింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

శనివారం మధ్యాహ్నం పెద్దవాళ్లంతా నిద్రలో ఉండగా నేను ఒడ్డు వెంట నడుచుకుంటూ, రిసార్టు వాళ్లు తాడు కట్టిన చోటు దాటి వెళ్లాను. అక్కడ మందపాటి గుండ్రటి ఆకుల పొదలు, వాటి వెనక నీడ. ఆ నీడలో పెద్ద పెద్ద శంఖాలు ఇసుకలో సగం దిగబడి ఉన్నాయి. అలలు తెచ్చి పడేసినవి కావు. మూతులు కిందికి పెట్టి, తలవైపు రెండు, కాళ్లవైపు రెండు అన్నట్టు నాలుగు మూలలకీ నాలుగు. అలా రెండు చోట్ల. ఆ రెండింటి నడుమ, అరచేతిలో పట్టే చిన్న శంఖాలతో మూడోది. పైన ఎండకి సున్నంలా తెల్లబడ్డాయి గానీ వేలు పెట్టి ఇసుక తీస్తే లోపల లేత గులాబి రంగు.

నాకేమీ తెలియలేదని రాసుకుంటే సుఖంగా ఉండేది. అరవై దాటాక ఇంకా అబద్ధం దేనికి? ఆ పెద్దవాటిలో ఒకదాని నడుమ నేను పడుకుని చూశాను. నా తల పైన, పాదాల కింద ఇంకా కాస్త చోటు మిగిలింది. తర్వాత చిన్నదాంట్లో పడుకున్నాను. అది నా మోకాళ్లకి కూడా రాలేదు. గబుక్కున లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకు నేను చెప్పుకోలేదు, కానీ ఒళ్లు జలదరించింది. అలా జలదరించిన తర్వాతే నేను పరిగెత్తి వెళ్లి అమ్మని పిలుచుకొచ్చాను.

అమ్మ పొద దాటి చూడగానే చెప్పులు విడిచేసింది. "శంఖాలే! ఎంతెంతున్నాయో చూడవే!" అని చేతులు జోడించింది. అమెరికా వచ్చినప్పట్నించీ ఆవిడకి దేవుడి మందిరంలో శంఖం లేదని దిగులు. ఇండియానుంచి వచ్చేవాళ్లని అడిగితే బరువని తప్పించుకునేవారు. ఇప్పుడు సాక్షాత్తూ దేవుడే మా కోసం పేర్చి పెట్టాడనుకుంది. వెనకే వచ్చిన వరంగల్ ఆంటీ, "అక్కా, నాకు గా పక్కయి తియ్యి. మా అత్తమ్మకొకటి పంపిస్త, మురిసిపోతది" అంది. గదిలోంచి నేను గరిటె తెచ్చాను. తవ్వింది నేనే. పన్నెండూ తీశాం. ఒక్కొక్కదాన్నీ అమ్మ కడిగి కళ్లకద్దుకుని, మిగిలిన బియ్యం గిన్నెలోకి ఒంపి ఖాళీ చేసిన సంచిలో పెట్టింది. దేవుడి వస్తువులని ఉత్తకాళ్లతో, అంత భక్తితో, సమాధుల మీద నిలబడి సమాధులు దోచుకున్నాం.

ఆదివారం మామ్మకి పని లేదు. అయినా మధ్యాహ్నం వేళ తెల్ల గౌను, తెల్ల టోపీతో మా గుమ్మంలో నిలబడింది. చర్చి నుంచి నేరుగా వస్తున్నట్టుంది. ఆవిడ ఇంగ్లీషులో మాటల కొసలు మింగేసేది. అమ్మకి సగమే అందేది. నాకు మాత్రం అంతా అర్థమయ్యేది. తనవి కొన్ని వస్తువులు కనబడటం లేదని, తన కళ్లు సరిగా ఆనవని, వెతకడానికి పిల్లని కాసేపు పంపమని అడిగింది. అమ్మ సంతోషంగా పంపింది. "మామ్మకి సాయం చెయ్యి, చీకటి పడేలోపల వచ్చెయ్" అని నా జడ సర్ది మరీ పంపింది.

మొదట ఆ పొదల వెనక్కే తీసుకెళ్లింది. పన్నెండు గుంటలు. కొన్నిటిలో అప్పుడే నీరు ఊరుతోంది. ఆవిడ ఒక్కో గుంట దగ్గరా వంగి చూసింది. నేను వేరే వైపు చూశాను. ఆ తర్వాత ఇద్దరం ఒడ్డు వెంట వెతుకుతూ బయల్దేరాం. నేను వంగి వంగి వెతికాను. మా సూట్‌కేసులో తాళం వేసి ఉన్నవాటి కోసం ప్రతి పొదకిందా చెయ్యి పెట్టి మరీ వెతికాను. ఒకచోట మామూలు శంఖం ముక్క దొరికితే, "ఇదా?" అని అడిగాను కూడా. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, కాదంది. పెద్దయ్యాక ఎవరో తేలు కుట్టిన దొంగ సామెత చెబితే అంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నడుస్తూ ఆవిడ మాట్లాడుతూనే ఉంది. మా గదిలోని పుస్తకంలో ఆ ఒక్క పేజీలో లేనిదంతా నేను ఆ పగలే విన్నాను. ఆవిడ ముత్తవ్వని ఓడలో తెచ్చి ఈ కొండమీదే అమ్మారట. ఇప్పుడు బార్ ఉన్న ఆ బురుజులో చెరుకు గానుగ దగ్గర ఒక పెద్ద కత్తి వేలాడుతూ ఉండేదట. గానుగలో చెయ్యి ఇరుక్కుంటే ఆపే వీలు లేదు కనక, చెయ్యి నరికెయ్యడానికి. మనుషులు తిరగబడి స్వేచ్ఛ తెచ్చుకున్నాక చెరుకు పోయింది, దొరలు పోయారు, ఈ ఒడ్డున కాసిన్ని చేపలు, కూరపాదులు పెట్టుకుని వాళ్లు బతికారు. సమాధికి రాయి చెక్కించే స్తోమత ఎవరికీ లేదు. అందుకని చనిపోయిన మనిషికి దగ్గరివాళ్లు సముద్రంలో మునిగి తలా ఒక శంఖం తెచ్చి పెట్టేవారు. నాలుగు శంఖాలంటే ఆ మనిషి కోసం నలుగురు మునిగారన్నమాట. అక్కడున్నది తన తల్లి, తన అన్న, నడుమ తన మొదటి బిడ్డ. ఆ బిడ్డ ఏడాది నిండకుండా పోయింది. ఒక్కొక్కరి పేరూ చెప్పింది, ఎలా పోయారో చెప్పింది. ఆ చిన్న శంఖాలు నాలుగింటికీ మాత్రం తనొక్కతే మునిగిందట. అప్పటికి తనకి పద్దెనిమిదేళ్లట.

ఆ నేల చేతులు మారిన సంగతి కూడా చెప్పింది. బయటినుంచి వచ్చిన ఒకాయన కాగితం తెస్తే చదువురాని తన మేనమామ వేలిముద్ర వేశాడట. పశువుల మేతకి అడుగుతున్నారనుకున్నాడట. ఒకటే మేలు, ఆ కాగితంలో కంటికి కనిపించే సమాధులుంటే వాటిని కదపకూడదని ఒక ముక్క ఉంది. ఇప్పుడు రిసార్టు వాళ్లు అక్కడ టెన్నిస్ కోర్టు వేస్తామంటున్నారు, సమాధులేవీ లేవంటున్నారు. "రేపు తొమ్మిదింటికి దీవి సర్కారు ఆఫీసు నుంచి ఒకాయన చూడటానికి వస్తాడు పిల్లా. ఆయన నా మాట రాసుకోడు. కళ్ల ఎదురుగా ఉన్నది రాసుకుంటాడు" అంది.

చెప్పెయ్యి, చెప్పెయ్యి అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. నోరు తెరిస్తే మేనేజరు వస్తాడు, నాన్న ముఖం మళ్లీ అలా పాలిపోతుంది, అందరూ నన్ను దొంగ అంటారు. ఆవిడ ఒకచోట దుంగ మీద కూర్చుని, చేతిసంచిలోంచి కొబ్బరి లౌజులాంటి మిఠాయి తీసి నాకిచ్చింది. వెతికి వెతికి అలిసిపోయావంది. నేను తిన్నాను. చక్కెర పాకం గట్టిగా ఉంది, నమిలి మింగాను. ఈ బతుకులో నేను తిన్నవాటిలో దేన్నయినా కక్కెయ్యగలిగితే దాన్ని కక్కేస్తాను.

పొద్దు వాలుతుండగా మా గుమ్మం దగ్గర దింపి, నా ముందు వంగి నిలబడింది. "నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు, తొందర లేదు. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ నా తల నిమిరి వెళ్లిపోయింది.

ఇక్కడితో ఆగినా పిల్లతనం అనుకోవచ్చు. నేను చేసిన అసలు పాపం ఆ తర్వాతది. లోపలికి వెళ్లి అమ్మకి సగం చెప్పాను. ఆ శంఖాలు సమాధులవని, మామ్మ వాళ్లమ్మవి, అన్నవి, పసిబిడ్డవి అని చెప్పాను. రేపు పొద్దున మనిషి వస్తాడని, అవి అక్కడ కనబడకపోతే ఆ చోటు తవ్వేస్తారని చెప్పలేదు. అది చెబితే అమ్మ అప్పటికప్పుడే నన్ను చెయ్యి పట్టుకుని మామ్మ ఇంటికి తీసుకెళ్లేది. నన్ను ముందు నిలబెట్టి, నా చేతే ఇప్పించేది. పగలంతా నేను ఆడిన నాటకం బయటపడేది. అందుకని ఆ సగాన్ని నాలుక కింద దాచుకున్నాను.

సమాధి అన్న మాట వినగానే అమ్మ, సాయంత్రం పూజకని సూట్‌కేసులోంచి తీసి అద్దం ముందు దేవుడి పటం పక్కన బొట్టు పెట్టి నిలబెట్టిన శంఖాన్ని చీర చెంగుతో పట్టుకుని తీసింది. వరంగల్ ఆంటీ వాళ్లని పిలిచింది. "ఇంకేమున్నదక్కా, ఇంట్ల పెట్టుకునేటియి కావు ఇయి. పసుపు కుంకుమ పెట్టి సముద్రంల కలిపెయ్యాలె. గంగల కలిస్తే దోషం ఉండదు" అంది ఆంటీ. మనవాళ్లకి తెలిసిన పరిహారం అదే కదా. విరిగిన పటమైనా, వాడిన పూలైనా, ఏం చెయ్యాలో తోచనిదేదైనా నీళ్లలో కలపడమే. తీసిన చోట పెట్టెయ్యొచ్చన్న ఆలోచన ఆ గదిలో నలుగురు పెద్దవాళ్లలో ఒక్కరికీ రాలేదు. వచ్చింది నా ఒక్కదానికే. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

తెల్లవారుతూనే అమ్మ తలారా స్నానం చేసి, తడి జుట్టు ముడివేసుకుంది. నాన్న సంచి మోశారు. నడుము లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కదానికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, క్షమించమని దణ్ణం పెట్టి వదిలారు. అన్నిటికంటే జాగ్రత్తగా ఆ చిన్నవాటిని వదిలింది అమ్మ. పసిబిడ్డవని నేను చెప్పాను కనక, వాటిని వదిలేటప్పుడు ఏడ్చింది. మా అమ్మ చెడ్డది కాదు. ఆ ఒడ్డున చెడ్డ మనిషంటూ ఉంటే అది నేనే, ఇసుకలో కూర్చుని చూస్తున్నాను.

వాళ్లు తడిబట్టలతో గట్టెక్కుతుండగా మామ్మ వచ్చింది. చేతిలో మా గరిటె. తవ్విన రోజు పొదకింద నేను మరిచిపోయింది. ఆవిడకి మొదటినుంచీ తెలుసు. ఆదివారం మధ్యాహ్నం మా గుమ్మంలో నిలబడినప్పుడే ఆ గరిటె ఆవిడ చేతిసంచిలో, ఆ మిఠాయి పక్కనే ఉంది. మేనేజరుకి చెబితే అతనికి అది మేలే అవుతుంది, మా నాన్నకి మాత్రం ముప్పవుతుంది. అందుకని ఎవరికీ చెప్పకుండా, నన్ను నిలదీయకుండా, నా అంతట నేనే చెప్పే వీలు కల్పించింది. దానికోసం తన దగ్గర మిగిలిన ఒక్క పగటినీ ఖర్చుపెట్టింది. ఇక వేళ మించిపోతోందని ఇప్పుడు నేరుగా అడగడానికి వచ్చింది.

అమ్మ వచ్చీరాని ఇంగ్లీషులో, సంతోషంగానే, సముద్రం వైపు చూపించింది. ప్రార్థన చేసి దేవుడికి ఇచ్చేశామని చెప్పింది. మామ్మ ముఖం చూసి అమ్మ మాట అక్కడే ఆగిపోయింది. మామ్మ ఈసారి మాటల కొసలు మింగకుండా, తొమ్మిదింటికి ఎవరొస్తారో, ఎందుకొస్తారో చెప్పింది. అమ్మ నెమ్మదిగా నావైపు తిరిగింది. "నీకు తెలుసా?" అంది. నేను ఇసుకలోకి చూశాను. "తెలుసా నీకు?" అని మళ్లీ అడిగింది. ఆవిడ గొంతు అలా ఉండగా నేను అంతకుముందు వినలేదు. తల ఊపాను. అమ్మ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండును.

నాన్నకి ఈత రాదు. అయినా వెనక్కి పరిగెత్తారు. ప్యాంటుతోనే మెడ లోతుకి వెళ్లి, మునిగి, ఉప్పునీళ్లు మింగి, దగ్గుతూ లేచి మళ్లీ మునిగారు. అంకుల్ కూడా దిగారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆటుకి వెనక్కి తగ్గే నీరు వాటిని లాక్కుపోయింది. తొమ్మిదింటికి ఆఫీసాయన వచ్చేసరికి ఒకే ఒక్క పెద్ద శంఖం దొరికింది. మామ్మ దాన్ని తన తల్లి తలవైపు పెట్టింది. ఆయన చూశాడు. ఇలాంటివి ఒడ్డంతా దొరుకుతాయన్నాడు. అప్పుడు మా అమ్మ, మేనేజరు వింటుండగా, నాన్న పక్కనే ఉండగా, తడిచీరతో ఆయన ముందుకెళ్లి నిలబడింది. మేమే తీశామని, పన్నెండు ఉండేవని, ఇక్కడ, ఇక్కడ అని ఉత్తకాలితో చూపిస్తూ చెప్పింది. గ్రీన్ కార్డు మాట ఆ క్షణాన నాన్న కూడా ఎత్తలేదు. ఆఫీసాయన మర్యాదగానే విన్నాడు. తాను చూసింది మాత్రమే రాయగలనని చెప్పి, రాసుకుని వెళ్లిపోయాడు.

మామ్మ ఆ శంఖాన్ని ఇసుకలోంచి తీసి తన సంచిలో పెట్టుకుంది. గరిటె అమ్మ చేతికిచ్చింది. నా దగ్గర ఆగి, "నిన్న నీకు పగలంతా ఇచ్చాను" అంది. అంతే. మర్నాడు మేం బయల్దేరే వరకు మా గదికి వేరే ఎవరో వచ్చి దుప్పట్లు మార్చారు.

అమ్మ ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆవిడ పోయి చాలా కాలమైంది. నా పిల్లలు చిన్నప్పుడు ఏదైనా దాస్తున్నారని తెలిస్తే నేను వెంటనే అడిగేదాన్ని కాదు. ఒక పగలు ఆగేదాన్ని. వాళ్లు చాలాసార్లు సాయంత్రంలోపల నా దగ్గరికి వచ్చి చెప్పేవారు. నాకంటే మెరుగైన పిల్లలు. వాళ్లు చెబుతుంటే నాకు గర్వంతో పాటు సిగ్గు కూడా వేసేది, ఎందుకో వాళ్లకి తెలియదు.

ఈ మధ్య ఫ్రీమాంట్‌లో ఉండే మా అమ్మాయి ఫోన్ చేసింది. నేనిప్పుడు హెర్న్‌డన్‌లో ఉంటున్నాను. "అమ్మా, యానివర్సరీకి ఐలాండ్ ట్రిప్ బుక్ చేశాను. నువ్వు చిన్నప్పుడు వెళ్లావు కదా, అదే ప్లేస్. అక్కడ ఏమి చూడాలి చెప్పు" అంది. ఏం చూడాలో చెప్పబోయి మొత్తం చెప్పేశాను. యాభై ఏళ్ల తర్వాత మొదటిసారి పూర్తిగా, సగం దాచుకోకుండా చెప్పాను. అది ఫోన్‌లోనే వెతికింది. రిసార్టు పెద్దదైంది, టెన్నిస్ కోర్టులు నాలుగున్నాయి. దీవి చరిత్ర అని ఇప్పటికీ ఒక పేజీ ఉంది. అందులో ఆ ఒడ్డున ఎవరూ ఉండేవారు కాదనే ఉంది.

"నేను వాళ్లకి రాస్తాను అమ్మా. అక్కడ హిస్టరీ చూసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి కూడా రాస్తాను. ముగ్గురు ఉన్నారు అన్నావు కదా, వాళ్ల పేర్లు చెప్పు" అంది. పెన్ను తీసుకున్న చప్పుడు నాకు వినిపించింది.

మామ్మ తల్లి పేరు చెప్పాను, అది మా టీచర్ పేరే కనక గుర్తుంది. అన్న పేరులో మొదటి అక్షరం చెప్పాను. బిడ్డ పేరు దగ్గర ఆగిపోయాను. ఆ ఒడ్డున నడుస్తూ మామ్మ ఆ పేరు నాకు రెండుసార్లు చెప్పింది. రెండోసారి నా గడ్డం పట్టుకుని, నా కళ్లలోకి చూసి, నేను మరిచిపోకూడదని మెల్లగా చెప్పింది. నేనప్పుడు మా సూట్‌కేసు తాళం సరిగా పడిందా లేదా అని ఆలోచిస్తున్నాను.